ఫోటాన్ కౌంటింగ్ సీటీ కోసం ఆగాలా, ఉన్నవాటిలో మంచిది ఇప్పుడే కొనాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సెంటర్‌లో ఉన్న 64 స్లైస్ సీటీకి పదేళ్లు దాటాయి, దాని ఎక్స్ రే ట్యూబ్ మళ్లీ మొరాయిస్తోంది, ఒక కంపెనీ వాళ్లు 128 స్లైస్ తీస్కోండి అంటున్నారు, ఇంకొకళ్లేమో ఫోటాన్ కౌంటింగ్ (ఎక్స్ రేని ఒక్కో రేణువుగా లెక్కపెట్టే కొత్త రకం సీటీ) వచ్చేస్తోంది ఇప్పుడు కొంటే పాతదైపోతుంది అంటున్నారు, అసలు ఈ హై ఎండ్ సీటీ మార్కెట్ ఎటు పోతోంది, ఇప్పుడు అంత డబ్బు పెట్టొచ్చా అని కదా మీ సందేహం. నేను పదిహేనేళ్లు సీటీ సర్వీస్ ఇంజనీర్‌గా చేశానండీ, ఆ తర్వాత నుంచి కొనేవాళ్ల వైపు కూర్చుని కొటేషన్లు, కాంట్రాక్టులు చూసి చెప్పే పని చేస్తున్నాను. ఏ కంపెనీ నుంచీ నాకు కమీషన్ రాదు. సమాధానం కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు స్లైసుల లెక్క, అంటే ఒక చుట్టులో ఎన్ని అడ్డకోత ఇమేజ్‌లు తీస్తుందనే నంబర్, మనసులోంచి తీసేయండి. 1998లో 4 స్లైస్ వచ్చింది, 2004కల్లా 64, 2007లో తోషిబా 320 వరసలతో ఒక్క చుట్టులో 16 సెంటీమీటర్లు, అంటే గుండె మొత్తం కవర్ చేసే మిషన్ తెచ్చింది. ఆ పదేళ్లూ ఎవరి నంబర్ పెద్దదైతే వాళ్లే గొప్ప అన్నట్టు నడిచింది, అలవాటైపోయి ఇప్పటికీ సేల్స్ వాళ్లు అదే చెప్తారు. కానీ బ్రోచర్‌లో 128 అని ఉన్న చాలా మిషన్లలో ఎక్స్ రేని పట్టుకునే డిటెక్టర్ వరసలు 64 మాత్రమే ఉంటాయి, ఎక్స్ రే పుట్టే ఫోకల్ స్పాట్‌ని అటూ ఇటూ జరిపో, రీకన్‌స్ట్రక్షన్‌లో, అంటే డేటా నుంచి ఇమేజ్ కట్టేటప్పుడు, రెట్టింపు చేసో 128 అని రాస్తారు. అది మోసం అనను, ఫోకల్ స్పాట్ జరపడం వల్ల ఇమేజ్‌కి నిజంగానే లాభం ఉంది, కానీ మీ దగ్గరున్న 64కి రెండింతల మిషన్ వస్తోంది అనుకుంటే మాత్రం మొదటికే మోసం. అడగాల్సింది వేరే. డిటెక్టర్ వరసలు ఎన్ని, ఒక చుట్టులో ఎన్ని సెంటీమీటర్లు, చుట్టు తిరగడానికి ఎంత టైమ్, ట్యూబ్ కెపాసిటీ ఎంత. ఈ నాలుగూ రాతపూర్వకంగా ఇవ్వమనండి.

ఇక అసలు మార్పు జరుగుతోంది డిటెక్టర్ లోపల. ఇప్పుడు మనం వాడే మిషన్లన్నిటిలో ఎక్స్ రే వచ్చి సింటిలేటర్ అనే పదార్థాన్ని తాకుతుంది, అది మెరుస్తుంది, ఆ వెలుతురుని ఫోటోడయోడ్ కరెంటుగా మారుస్తుంది. రెండు దశలు. ఆ కాసేపట్లో ఎన్ని ఫోటాన్లు పడ్డా వాటి శక్తి అంతా కలిపి ఒకే అంకెగా వస్తుంది. డబ్బా నిండా చిల్లర ఉంటే మొత్తం బరువు తూచి ఇంత అని చెప్పడం లాంటిదన్నమాట. ఫోటాన్ కౌంటింగ్‌లో ఒక్కో నాణెం బయటికి తీసి ఇది ఎంత విలువదో చూసి లెక్కపెడతారు. ఎక్స్ రే ఫోటాన్ నేరుగా కాడ్మియం టెల్యురైడ్ లాంటి సెమీకండక్టర్‌లో పడి అక్కడికక్కడే కరెంటు పల్స్ అవుతుంది, ఆ పల్స్ ఎత్తుని బట్టి శక్తి ఎంతో తెలుస్తుంది. మధ్యలో వెలుతురు లేదు కాబట్టి అది పక్క పిక్సెల్‌లోకి పాకకుండా అడ్డుగోడలు కట్టక్కర్లేదు, పిక్సెల్స్ చిన్నగా చేసుకోవచ్చు, స్లైస్ 0.2 మిల్లీమీటర్ దాకా దిగుతుంది. ఒక హద్దు కన్నా చిన్న పల్స్ వస్తే లెక్కలోకే తీసుకోదు గనక ఎలక్ట్రానిక్ నాయిస్ దాదాపు పోతుంది. లావు మనిషి పొట్ట స్కాన్‌లో, తక్కువ రేడియేషన్ డోస్ స్కాన్‌లో తేడా కొట్టొచ్చినట్టు కనపడేది ఇందుకే. ఇంకోటి, పాత డిటెక్టర్‌లో ఎక్కువ శక్తి ఉన్న ఫోటాన్ గొంతే పెద్దగా వినపడుతుంది, నరంలోకి ఎక్కించే అయోడిన్ కాంట్రాస్ట్ మందుని బాగా చూపించేవేమో తక్కువ శక్తి ఫోటాన్లు. కొత్తదాంట్లో రెండిటికీ సమాన విలువ, కాబట్టి అదే కాంట్రాస్ట్‌తో రక్తనాళం ఎక్కువ మెరుస్తుంది, లేదా కాంట్రాస్ట్ తగ్గించి ఇవ్వొచ్చు. కిడ్నీలు అంతంత మాత్రంగా ఉన్న పేషెంట్లకి ఇది చిన్న విషయం కాదు.

నేను మొదటిసారి ఈ ఇమేజ్ దగ్గరగా చూసింది ఒక కరోనరీ స్టెంట్ కేసులో. మామూలు మిషన్‌లో స్టెంట్ అంటే ఒక తెల్లటి మందపాటి గొట్టం, లోహం చుట్టూ వెలుగు ఉబ్బిపోయి లోపలి దారి సగం మింగేస్తుంది, మనం బ్లూమింగ్ అంటాం కదా, అది. లోపల మూసుకుపోయిందా తెరిచే ఉందా అంటే డాక్టర్ గారు కళ్లు చికిలించి చూసి చివరికి యాంజియోకి పంపండి అంటారు. ఫోటాన్ కౌంటింగ్ ఇమేజ్‌లో స్టెంట్ వైరు అల్లిక విడివిడిగా కనపడుతోంది, లోపల కాంట్రాస్ట్ నిండుగా పారుతోంది, ఒక చివర మాత్రం గోడకి ఆనుకుని సన్నటి నల్ల గీత. ఆ గీత కొత్తగా పెరిగిన కణజాలం. ఆ గీత కోసమే ఈ పరిశ్రమ అంతా ఇన్నేళ్లు తిప్పలు పడింది అనిపించింది నాకు. చెవి లోపలి ఎముకలు, ఊపిరితిత్తుల్లో సన్నటి అల్లికలు, కాల్షియం గట్టిగా పట్టిన నాళాలు, ఇలాంటి చోట్ల కూడా తేడా అలాగే ఉంటుంది. మామూలు తలకి దెబ్బ తగిలిన కేసులోనో, కిడ్నీలో రాయి కేసులోనో మాత్రం మీ 64 స్లైస్ చెప్పే జవాబే ఇదీ చెప్తుంది. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మార్కెట్‌లో ఎవరెవరున్నారంటే, మొదట వచ్చింది సీమెన్స్ హెల్తినీర్స్ నియోటామ్ ఆల్ఫా, 2021 సెప్టెంబర్‌లో అమెరికాలో వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ నుంచి అనుమతి వచ్చింది, దాదాపు పదేళ్లలో సీటీలో వచ్చిన మొదటి పెద్ద సాంకేతిక మెరుగుదల అని ఎఫ్‌డీఏ ఆ రోజు ప్రకటనలోనే అంది. మిగతావాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. జీఈ 2020లో ప్రిస్మాటిక్ సెన్సార్స్ అనే స్వీడన్ కంపెనీని కొని కాడ్మియం బదులు సిలికాన్ దారి పట్టింది. సిలికాన్ ఎక్స్ రేని అంత బాగా ఆపలేదు, అందుకని పలకని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి లోతు పెంచారు, మంచి ఆలోచన. కానన్ తోషిబా మెడికల్‌ని 2016లో కొంది, 2021లో కాడ్మియం జింక్ టెల్యురైడ్ తయారుచేసే కెనడా కంపెనీ రెడ్‌లెన్‌ని కూడా కొనేసింది. సీమెన్స్‌కి క్రిస్టల్స్ జపాన్‌లో ఒకినావాలో ఉన్న ఆక్రోరాడ్ నుంచి వస్తాయి, అది కూడా వాళ్లదే. సామ్‌సంగ్ వాళ్ల న్యూరోలాజికా తల స్కాన్ చేసే మొబైల్ మిషన్‌లోకి ఈ డిటెక్టర్ పెట్టింది. న్యూజిలాండ్ నుంచి మార్స్ బయోఇమేజింగ్ వాళ్లు యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో పుట్టిన మెడిపిక్స్ చిప్‌తో 2018లో మనిషి శరీర భాగాల రంగుల త్రీడీ ఎక్స్ రే చూపించారు. ఫిలిప్స్ డ్యుయల్ లేయర్ (రెండు పొరల) డిటెక్టర్‌తో స్పెక్ట్రల్ దారిలో, అంటే ఎక్కువ శక్తి, తక్కువ శక్తి ఎక్స్ రేలని విడివిడిగా చూసే పద్ధతిలో, బాగా ముందుకెళ్లింది, ఇది ఫోటాన్ కౌంటింగ్ కాదు కానీ ప్రతి స్కాన్‌లోనూ ముందుగా ప్లాన్ చేయకపోయినా శక్తి సమాచారం దొరుకుతుంది. చైనా నుంచి యునైటెడ్ ఇమేజింగ్, న్యూసాఫ్ట్ గట్టిగా దిగాయి, మధ్య స్థాయి మిషన్ల ధరల మీద వాళ్ల ఒత్తిడి కనపడుతూనే ఉంది. సీమెన్స్ కూడా 2024 చివర్లో ఆల్ఫా కుటుంబంలో ఇంకో రెండు మోడళ్లు ప్రకటించింది, అందులో ఒకటి సింగిల్ సోర్స్, అంటే ఒకే ట్యూబ్ ఉన్నది. అంటే శిఖరం మీదున్న టెక్నాలజీని కిందికి దించడం మొదలైంది.

వీళ్లందరూ క్రిస్టల్ కంపెనీలని ఎందుకు కొన్నారో చూడండి, మార్కెట్ ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది. గ్యాంట్రీ, అంటే పేషెంట్ చుట్టూ తిరిగే చట్రం, ఎవరైనా కడతారు, పెద్ద సైజులో లోపాల్లేని కాడ్మియం టెల్యురైడ్ క్రిస్టల్ పెంచడం, లక్షల పిక్సెల్స్ రోజూ ఒకేలా పనిచేసేలా చూడటం, ఫోటాన్లు మరీ గుంపుగా వచ్చిపడ్డప్పుడు రెండు పల్స్‌లు ఒకటిగా కలిసిపోకుండా ఎలక్ట్రానిక్స్ డిజైన్ చేయడం, ఇవి కష్టం. పైగా టెల్యూరియం విడిగా తవ్వితే దొరికేది కాదు, ఎక్కువగా రాగి శుద్ధిలో పక్కన వచ్చే సరుకు. 2025 ఫిబ్రవరిలో చైనా టంగ్‌స్టన్, టెల్యూరియం, మాలిబ్డినం, బిస్మత్, ఇండియం ఎగుమతుల మీద కంట్రోల్ పెట్టింది. సీటీ వాళ్లకి ఇందులో మొదటి మూడూ తగుల్తాయి, టెల్యూరియం డిటెక్టర్‌లో, టంగ్‌స్టన్, మాలిబ్డినం ట్యూబ్‌లో ఎక్స్ రే పుట్టించే ఆనోడ్ పళ్లెంలో.

కనిపెట్టినవాడే మార్కెట్ ఏలుతాడు అనే నమ్మకం కూడా వద్దు. సీటీని కనిపెట్టింది ఈఎంఐ, మ్యూజిక్ రికార్డుల కంపెనీ. హౌన్స్‌ఫీల్డ్ అక్కడి ఇంజనీరు, 1971 అక్టోబర్ 1న లండన్ దగ్గర వింబుల్డన్‌లో ఆట్కిన్సన్ మోర్లీ హాస్పిటల్లో మొదటి పేషెంట్ తల స్కాన్ చేశారు, ఇమేజ్ 80 చుక్కలు ఇటు 80 చుక్కలు అటు. 1979లో కార్మాక్‌తో కలిపి ఆయనకి నోబెల్ వచ్చింది. ఆ ప్రైజ్ వచ్చే టైమ్‌కే ఈఎంఐ ఈ వ్యాపారంలో చతికిలబడింది, పెద్ద ఎక్స్ రే కంపెనీలకి హాస్పిటళ్లతో ఉన్న సంబంధాలు, సర్వీస్ నెట్‌వర్క్, వేగంగా కొత్త మోడల్ తెచ్చే బలం దానికి లేవు, కొద్ది కాలంలోనే బయటికొచ్చేసింది. అందుకే నేను కొటేషన్ చూసేటప్పుడు డిటెక్టర్ పేజీ తర్వాత వెంటనే తెరిచేది సర్వీస్ పేజీ.

ఇంతకీ డిమాండ్ ఎక్కడినుంచి వస్తోంది అంటే నా లెక్కలో మొదటిది గుండె. గుండె వల్లేమో అనిపించే నిలకడైన ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకి మొదటి పరీక్ష కరోనరీ సీటీనే (గుండె రక్తనాళాల సీటీ) అని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2016లో చెప్పింది. స్కాట్ హార్ట్ అనే ట్రయల్‌లో 4,146 మంది, ఐదేళ్ల తర్వాత చూస్తే గుండె జబ్బుతో చావు లేదా హార్ట్ ఎటాక్ మామూలు పద్ధతిలో 3.9 శాతం ఉంటే సీటీ కలిపినవాళ్లలో 2.3 శాతం. 2021 అమెరికా గైడ్‌లైన్స్‌లోనూ దీనికి పై స్థానం ఇచ్చారు. సీటీ ఇమేజ్ నుంచే రక్త ప్రవాహం లెక్కకట్టే హార్ట్‌ఫ్లో లాంటి సాఫ్ట్‌వేర్లకి 2014లోనే ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది, అంటే మిషన్ అమ్మాక కూడా ఒక్కో స్కాన్ మీద నడిచే వ్యాపారం ఇంకోటి తయారైంది. రెండోది ఊపిరితిత్తుల క్యాన్సర్ స్క్రీనింగ్. 53 వేల మందికి పైగా ఉన్న అమెరికా ట్రయల్‌లో లో డోస్ సీటీతో ఆ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో తేలింది. స్క్రీనింగ్‌కి ఖరీదైన మిషన్ అక్కర్లేదు, తక్కువ డోస్‌లో శుభ్రమైన ఇమేజ్ ఇచ్చేది, రోజుకి ఎక్కువమందిని చూడగలిగేది కావాలి. గమనించారా, మొదటిదానికి ఒక రకం మిషన్ కావాలి, రెండోదానికి ఇంకో రకం.

ఇప్పుడు ట్యూబ్ గురించి. ఇది నా పాత పని కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. ట్యూబ్‌లోకి పంపిన శక్తిలో ఎక్స్ రేగా మారేది దాదాపు ఒక్క శాతం, మిగతా 99 శాతం వేడే. ఆ వేడి మింగడానికి టంగ్‌స్టన్ పూత ఉన్న మాలిబ్డినం ఆనోడ్, వెనక గ్రాఫైట్, అది నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది, మొత్తం గ్యాంట్రీ సెకనుకి నాలుగు చుట్లు తిరిగితే ఆ ట్యూబ్ మీద తన బరువుకి 40 రెట్లు లాగుడు పడుతుంది. ట్యూబ్ ఉన్నట్టుండి చావదు. ముందు ఎర్రర్ లాగ్‌లో ఆర్క్ (ట్యూబ్ లోపల కరెంటు మెరుపులా దూకడం) మెసేజ్‌లు వారానికొకటి వస్తాయి, తర్వాత రోజుకి రెండు మూడు, పొద్దున వార్మప్‌లో కొత్త చప్పుడు, ఆ తర్వాత సరిగ్గా పేషెంట్ టేబుల్ మీదుండి కాంట్రాస్ట్ ఎక్కించాక స్కాన్ మధ్యలో ఆగిపోతుంది. నాకు బాగా గుర్తున్న కేసు, ఒక సెంటర్‌లో మూడు వారాలుగా లాగ్‌లో ఆర్కులు పెరుగుతున్నాయని రాసిచ్చాను, కాంట్రాక్టులో ట్యూబ్ లేదు, ఇంకో నెల లాగుదాం అన్నారు, ఒక సాయంత్రం మిషన్ పూర్తిగా ఆగింది, ట్యూబ్ వచ్చేసరికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ స్ట్రోక్ కేసులన్నీ వేరే చోటికి పంపాల్సొచ్చింది. రాత్రంతా కూర్చుని ట్యూబ్ మార్చి, ఆయిల్ లైన్లలో గాలి తీసి, కాలిబ్రేషన్ చేసి తెల్లారి మొదటి ఇమేజ్ వచ్చాక అక్కడి టెక్నీషియన్ అమ్మాయి నిజంగా ఏడ్చేసింది. మీ మిషన్ ఇప్పుడు మొరాయిస్తోంది అన్నారు కదా, గత రెండు నెలల ఆర్క్ కౌంట్ అడిగి రాయించుకోండి, ఈ వారమే.

ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడకూడదు అంటారు కదా, ఇక్కడ అచ్చంగా అదే. మిషన్ ధరలో గీచి గీచి తగ్గించుకుని ట్యూబ్ లేని కాంట్రాక్ట్ సంతకం పెట్టేవాళ్లని చాలామందిని చూశాను. కొనకముందే అడగాలి, ట్యూబ్ ఎన్ని స్కాన్ సెకన్లకి గ్యారంటీ, డిటెక్టర్ మాడ్యూల్ కాంట్రాక్టులో ఉందా, సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌లు ఎన్నేళ్లు, మిషన్ ఆగితే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, ఆ మనిషి ఎక్కడ ఉంటాడు. ఫోటాన్ కౌంటింగ్ విషయంలో చివరి ప్రశ్న మరీ ముఖ్యం, ఆ డిటెక్టర్ మీద ట్రైనింగ్ అయిన ఇంజనీర్లు పాత మిషన్లతో పోలిస్తే చాలా తక్కువ.

డేటా సంగతి ఎవరూ ముందు చెప్పరు. 30 సెంటీమీటర్ల ఛాతీని 0.2 మిల్లీమీటర్ స్లైసులుగా, 1024 మ్యాట్రిక్స్‌తో, అంటే ఒక్కో ఇమేజ్ 1024 చుక్కలు ఇటు 1024 చుక్కలు అటు, తీస్తే 1500 ఇమేజ్‌లు, ఒక్కోటి 2 ఎంబీ, అంటే ఒక్క సిరీస్ 3 జీబీ. మీరిప్పుడు 1 మిల్లీమీటర్, 512 మ్యాట్రిక్స్‌లో తీస్తుంటే అదే ఛాతీ 150 ఎంబీ. ఇరవై రెట్లు. సర్వర్, నెట్‌వర్క్, రేడియాలజిస్ట్ వర్క్‌స్టేషన్ అన్నీ మార్చాలి, ఇంటి నుంచి రిపోర్ట్ చేసే డాక్టర్ ఉంటే ఆయన ఇంటర్నెట్ కూడా. 1500 ఇమేజ్‌లు చూసే మనిషికి పట్టే టైమ్‌కి లెక్క ఎవరు వేస్తారు? ప్రతి కేసూ అంత సన్నగా తీయకూడదు, ఏది ఎంత సన్నగా అనేది ప్రోటోకాల్‌లో, అంటే స్కాన్ సెట్టింగుల పట్టికలో, ముందే రాసుకోవాలి.

మీకు ఇప్పుడే ఎక్కువ పనికొచ్చేది నా దృష్టిలో డీప్ లెర్నింగ్ రీకన్‌స్ట్రక్షన్, అంటే ఏఐతో ఇమేజ్ కట్టడం. మొదట నేరుగా లెక్కకట్టే పాత ఫిల్టర్డ్ బ్యాక్ ప్రొజెక్షన్, తర్వాత మళ్లీ మళ్లీ లెక్కేసి సరిచేసే ఇటరేటివ్, 2019 నుంచి ఇది. జీఈ ట్రూఫిడెలిటీ, కానన్ ఎయిస్, ఫిలిప్స్ ప్రిసైజ్ ఇమేజ్ ఇలా ఒక్కొక్కళ్లకి ఒక్కో పేరు. నాయిస్ తగ్గిస్తుంది, పాత ఇటరేటివ్‌లో వచ్చే ప్లాస్టిక్ బొమ్మ లాంటి రూపు లేకుండా. మధ్య స్థాయి మిషన్‌లో కూడా దొరుకుతోంది. డెమోకి వెళ్తే కంపెనీ వాళ్లు చూపించే ఇమేజ్‌లు చూసి రావొద్దు, మీ సెంటర్‌కి వచ్చే లాంటి లావు పేషెంట్, ఊపిరి బిగబట్టలేని పేషెంట్, గుండె వేగం ఎక్కువున్న పేషెంట్ కేసులు చూపించమనండి. చిన్న లివర్ మచ్చ ఉన్న కేసులో సెట్టింగ్ మరీ స్ట్రాంగ్‌గా పెడితే మచ్చ కూడా నునుపైపోతుందేమో మీ రేడియాలజిస్ట్ దగ్గరుండి చూసుకోవాలి.

డోస్ గురించి ఒక మాట, ఇది నా మనసుకి దగ్గర విషయం. 2025లో వచ్చిన ఒక అధ్యయనం 2023లో అమెరికాలో జరిగిన 9.3 కోట్ల సీటీ స్కాన్లని లెక్కలోకి తీసుకుని వాటివల్ల ముందుముందు దాదాపు 1,03,000 క్యాన్సర్లు రావొచ్చని అంచనా వేసింది. అది మోడల్ అంచనా, చేతితో లెక్కపెట్టింది కాదు, దాని మీద వాదనలున్నాయి. అయినా అవసరం లేని స్కాన్ చేయకుండా ఉండటం, పిల్లలకి పెద్దవాళ్ల ప్రోటోకాల్ వాడకుండా ఉండటం ఏ మిషన్‌లోనైనా మన చేతిలో పని. పెద్దవాళ్ల ప్రోటోకాల్‌లోనే పిల్లల తల స్కాన్‌లు నడుస్తున్న చోటు నేను కళ్లారా చూశాను, కొత్త మిషన్ కాదు అక్కడ కావాల్సింది, ఒక మధ్యాహ్నం కూర్చుని ప్రోటోకాల్స్ సరిచేయడం.

కాంట్రాస్ట్ కూడా మర్చిపోవద్దు. 2022లో షాంఘై లాక్‌డౌన్‌తో జీఈ ప్లాంట్ ఆగితే ప్రపంచమంతా అయోడిన్ కాంట్రాస్ట్‌కి కటకటలాడింది, అప్పుడు స్పెక్ట్రల్ మిషన్లు ఉన్నవాళ్లు తక్కువ మోతాదుతో ఎక్కువ కేసులు నెట్టుకొచ్చే వీలుండేది.

ఇక మీకు నా సలహా. మీరు రాసినదాన్ని బట్టి మీ దగ్గర ఎక్కువ కేసులు తల, పొట్ట, ఛాతీ, ట్రామా. గుండె కేసులు వారానికి నాలుగైదు. ఈ పనికి ఫోటాన్ కౌంటింగ్ ఇప్పుడు వద్దు, పిండి కొద్దీ రొట్టె. దానికోసం ఆగడం కూడా వద్దు, ఎందుకంటే ఆగినంత కాలం మీ పాత ట్యూబ్ మీద పేషెంట్లు పడుకుంటారు. ధరలు తగ్గి మీ స్థాయికి రావడానికి ఇంకో కంపెనీ రెండు కంపెనీలు గట్టిగా పోటీకి దిగాలి, అది జరుగుతుంది, కానీ మీ ట్యూబ్ ఆయుష్షు లోపల జరగదు. 64 వరసలు నిజంగా ఉన్నది, చుట్టు టైమ్ 0.35 సెకను లోపు, డీప్ లెర్నింగ్ రీకన్‌స్ట్రక్షన్, ఏదో ఒక రూపంలో డ్యుయల్ ఎనర్జీ (పైన చెప్పిన స్పెక్ట్రల్ పద్ధతి), ట్యూబ్ కలిపిన కాంట్రాక్ట్, ఈ ఐదూ ఉన్నది తీసుకోండి. రెండు మూడేళ్లలో గుండె కేసులు రోజుకి పది దాటితే అప్పుడు సంగతి వేరు, అందుకని ఎక్స్చేంజ్ విలువ ఎంత ఇస్తారో ఇప్పుడే కాగితం మీద పెట్టించుకోండి, నోటి మాట పనికిరాదు.

ఇదే పెద్ద కార్డియాక్ హాస్పిటల్ వాళ్లో, క్యాన్సర్ సెంటర్ వాళ్లో అడిగి ఉంటే నేను ఇంకోలా చెప్పేవాణ్ణి, స్టెంట్లూ కాల్షియం నాళాలూ రోజూ చూసేచోట ఆ మిషన్ యాంజియోకి పంపాల్సిన వాళ్లని తగ్గిస్తుంది.

వీలైతే గత ఆరు నెలల స్కాన్లు ఏ భాగానివి ఎన్ని, రోజుకి సగటున ఎన్ని స్కాన్ సెకన్లు, ఆర్క్ కౌంట్ ఎంత, మీ సర్వర్‌లో ఖాళీ ఎంత, మీకొచ్చిన రెండు కొటేషన్లలో సర్వీస్ పేజీల్లో ఏం రాశారు, ఈ ఐదూ ఇక్కడే కింద రాయండి. కంపెనీ పేర్లు తీసేసి రాసినా పర్లేదు. చూసి ఏ లైన్ మార్పించుకోవాలో చెప్తాను.